తలకోన నడక: దారి సులువే, బండల దగ్గరే జాగ్రత్త

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో ఉండే అయిదుగురు, పెద్దవాళ్ళందరూ కుర్చీలో కూర్చుని పని చేసేవాళ్ళే, నవంబరు చివర్లో ఒక ఆదివారం తలకోన వెళ్ళాలనుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయనకు 52 ఏళ్ళు, కుడి మోకాలు నొప్పి. ఆ అయిదుగురిలోనే పదేళ్ళ పాప కూడా ఉంది. అడవిదారిలో జలపాతం దాకా నడవగలమా, కుదిరితే పైన నీళ్ళు దూకే చోటికి కూడా వెళ్ళొచ్చా, ఏమేం తీసుకెళ్ళాలి అని అడిగారు.

జలపాతం అడుగు దాకా అయిదుగురూ నడవగలరు. పైకి మాత్రం పాపను, మోకాలి నొప్పి ఉన్నాయన్ను తీసుకెళ్ళొద్దు. మిగతావాళ్ళు కూడా ఆ రోజు ఫారెస్టువాళ్ళు సరేనంటేనే, దారి తెలిసిన మనిషి తోడు దొరికితేనే. ఆదివారం బదులు మామూలు పనిరోజు పెట్టుకోగలిగితే సగం ఇబ్బందులు ఉండవు. కార్తీకమాసం నడుస్తుంటే సోమవారం కూడా వద్దు. సిద్ధేశ్వరస్వామి గుడికి వచ్చే జనంతో కోన నిండిపోతుంది.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. రాష్ట్రంలో ఎత్తయిన జలపాతంగా దీనికి పేరు. ఆ అంకె చూసి కొందరు నడక కూడా నిటారుగా ఉంటుందని బెదిరిపోతారు. ఇంకొందరు గుడి దగ్గర చదునైన దారి చూసి, ఇంతేనా అని హవాయి చెప్పులతో బయల్దేరతారు. ఈ రెండో రకం వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఎందుకంటే ఇక్కడ దెబ్బలు తగిలేది నడకలో కాదు, నడక అయిపోయాక. చెట్ల నీడలోంచి బయటికొచ్చి, నీళ్ళు కనపడగానే ఉత్సాహం పట్టలేక తడి బండల మీదికి ఎక్కే ఆ చివరి యాభై అడుగుల్లో.

ముందు కాలం సంగతి. తిరుపతి ప్రాంతానికి ఏడాది వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మహారాష్ట్ర వైపు జలపాతాల లెక్కన జులై, ఆగస్టుల్లో వచ్చి, సన్నటి దార చూసి నిరాశపడి పోయేవాళ్ళున్నారు. తలకోన నిండుగా కనపడేది నవంబరు, డిసెంబరుల్లో. జనవరిలో నీళ్ళు కాస్త తగ్గినా తేటగా ఉంటాయి, దారి ఆరి ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, పిల్లలున్నవాళ్ళకు డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరి దాకా మంచి కాలం. నవంబరు చివర అంటే కొంచెం లాటరీ. అప్పుడు బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం చాలు. 2021 నవంబరులో వానలకు తిరుమల ఘాట్ల మీద కొండరాళ్ళు విరిగిపడ్డాయి, శ్రీవారిమెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. తలకోన ఉన్నదీ ఆ శేషాచలం కొండల్లోనే.

ఈ కొండల రాయి గురించి ఒక మాట తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. పైన ఉన్నది క్వార్ట్జైట్ అనే గట్టి రాయి. తిరుమల ఘాట్‌లో రోడ్డు పక్కన ఎర్రగా, పొరలు పొరలుగా, ఇటుకలు పేర్చినట్టు కనపడేది అదే. దానికి నీళ్ళు ఇంకవు. పగుళ్ళలోకి దిగినవి దిగగా మిగతాదంతా జర్రున జారి వంకల్లోకి, అంటే వాగుల్లోకి, వచ్చేస్తుంది. పైన మట్టి కూడా పలచనే. అందుకే పైన గట్టి వాన పడితే, కింద మీ నెత్తిన ఎండ కాస్తున్నా, కాసేపటికే వంక పొంగుతుంది. ఇంకోటి, ఈ రాయి అడ్డంగా, నిలువుగా పగుళ్ళు తీసి దిమ్మలు దిమ్మలుగా ఉంటుంది. వానల్లో ఆ దిమ్మలు వదులై రాలతాయి. జలపాతం కింద గుట్టగా పడి ఉన్న రాళ్ళన్నీ ఎప్పుడో పైనుంచి వచ్చినవే.

కాబట్టి బయల్దేరే ముందు చూడాల్సింది తిరుపతిలో ఎండా వానా అన్నది కాదు. ముందు రెండు రోజుల్లో భాకరాపేట, ఎర్రావారిపాలెం వైపు ఎంత పడిందో కనుక్కోండి. వాతావరణశాఖ తిరుపతి, అన్నమయ్య జిల్లాలకు ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చి ఉంటే ఆ వారం వదిలేయండి. హెచ్చరిక తీసేశాక కూడా రెండు రోజులు ఆగి వెళ్తే నీళ్ళూ ఉంటాయి, వడీ తగ్గుతుంది. వేసవిలో వద్దు. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, కోనలో నీడ ఉన్నా గాలి ఆడదు, దార సన్నబడిపోతుంది.

దారి: తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ దాటి, భాకరాపేట నుంచి ఎర్రావారిపాలెం వైపు తిరిగి నెరబైలు, అక్కణ్ణుంచి తలకోన. అటూ ఇటూగా 60 కిలోమీటర్లు, సొంత బండిలో గంటన్నర నుంచి రెండు గంటలు. బస్సులు తక్కువ. అయిదుగురు కాబట్టి కారే నయం. లెక్క మాత్రం వెనకనుంచి వేసుకోండి. నవంబరు చివర్లో ఇక్కడ సాయంత్రం అయిదుమ్ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. కోనలో అంతకు గంటన్నర ముందే నీడ పడి మసక మొదలవుతుంది. భాకరాపేట ఘాట్ మలుపులు వెలుతురుండగానే దాటాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ళ బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే, రాత్రి పూటే. అందుకని తలకోనలో బండి మూడింటికి కదలాలి. దానికి ముందు భోజనానికి గంట, దిగడానికి గంట, నీళ్ళ దగ్గర రెండు గంటలు, ఎక్కడానికి గంట. ఆగడాలు, ఫోటోలు కలుపుకుని పొద్దున తొమ్మిదికల్లా నడక మొదలవ్వాలి. అంటే తిరుపతిలో ఆరున్నరకు బయల్దేరాలి. ఆరున్నర అనుకుంటే మనవాళ్ళు ఏడుంబావుకు కదులుతారు కాబట్టి అందరికీ ఆరింటికని చెప్పండి.

చెక్‌పోస్టు దగ్గర ఎంట్రీ టికెట్టు తీసుకోవాలి. ఇది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు అడవి. 1989లో నేషనల్ పార్కు అయింది, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో కలిసింది. మందు, సిగరెట్టు, పొయ్యి వెలిగించడం, పారేసే ప్లాస్టిక్ ఏవీ కుదరవు. అక్కడే రెండు సంగతులు అడగండి: ఈరోజు జలపాతం కింది గుండంలో దిగనిస్తున్నారా, పైకి వెళ్ళనిస్తున్నారా అని. లేదన్నారంటే బతిమాలకండి. వాళ్ళు పొద్దున్నే నీళ్ళు చూసి వచ్చి చెప్పే మాట అది. నెరబైలులో ఊరివాళ్ళు అడవిశాఖతో కలిసి గైడ్లుగా వస్తారు. దారి పక్కకు పోవాలన్నా, పైకి ఎక్కాలన్నా వాళ్ళలో ఒకరు లేకుండా కదలొద్దు. శేషాచలంలో దారి తప్పితే భయం జంతువులతో మాత్రమే కాదు. ఇది ఎర్రచందనం అడవి. భుజాన సంచితో దారి కాని దారిలో తిరిగే మనిషిని చూస్తే, ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్సువాళ్ళు ముందు అనుమానిస్తారు, తర్వాత ఆధార్ కార్డు అడుగుతారు.

ఇక నడక. గుడి దగ్గర్నుంచి దారి కొంత దూరం మెట్లు, రాతిపరుపు, ఆ తర్వాత చెట్ల మధ్య రాళ్ళదారి. అలవాటు లేనివాళ్ళు నింపాదిగా నడిచినా జలపాతం దాకా గంట లోపే. మొదటి పది నిమిషాలు కావాలని నెమ్మదిగా నడవండి. పక్కనున్నవాళ్ళతో వాక్యం తెగకుండా మాట్లాడగలిగితే సరైన వేగం. మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఆగాల్సి వస్తుంటే ఎక్కువ పోతున్నట్టు. అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి. వెనక పెడితే ఆయన మీ దగ్గరకొచ్చేసరికి మీరు సేదతీరి లేచిపోతారు, ఆయనకు విశ్రాంతే ఉండదు.

మోకాలు నొప్పి ఆయన సంగతి. ఎక్కేటప్పుడు అంతగా అనిపించదు, దిగేటప్పుడే తెలుస్తుంది. మెట్టు దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు మూడింతలకు పైగానే మోకాలి మీద పడుతుంది. మోకాలి క్యాప్ ఇంటి దగ్గరే వేసుకు రావద్దు, రెండు గంటల కారు ప్రయాణంలో బిగదీసి కాలు వాస్తుంది. తిరుగు నడకకు ముందు వేసుకోవాలి. చేతిలో కర్ర తప్పదు. నిలబడి కర్ర పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో వంగాలి, ఆ పొడవుండాలి. దిగేటప్పుడు కర్ర ముందు కింది మెట్టు మీద ఆని, తర్వాత నొప్పి ఉన్న కాలు, ఆ తర్వాత మంచి కాలు. ఎక్కేటప్పుడు తలకిందులు: మంచి కాలు ముందు. అడుగులు పొట్టిగా, మోకాలు కొంచెం వంచి పెట్టుకోవాలి. నిటారు మెట్టయితే పక్కకు తిరిగి దిగడం నయం. కర్ర అడవిలో విరుచుకోవద్దు, అది నేరం. ఇంటి దగ్గర చీపురు కర్ర చాలు, కింద కాస్త సైకిల్ ట్యూబు చుడితే జారదు.

చెప్పులు, బూట్లు. ఖరీదైన ట్రెక్కింగ్ షూ కొనక్కర్లేదు. అడుగున లోతైన గాట్లున్న, మెత్తటి రబ్బరు బూట్లు చాలు. గోరుతో అడుగు నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. గాజులా గట్టిగా ఉన్న పాత స్పోర్ట్స్ షూ తడి రాయి మీద ఐసు మీద నడిచినట్టే. రెండేళ్ళు అటక మీదున్న బూట్లు తేవొద్దు, జిగురు ఎండిపోయి అడుగు ఊడి చేతికొస్తుంది. అదీ సరిగ్గా జలపాతం దగ్గరే. కొత్తవి కూడా ముందు వారం ఇంటి చుట్టూ తిరిగి అలవాటు చేసుకున్నవే వేసుకోండి. మడమ మీద మంట మొదలవ్వగానే ఆగి టేపు అంటించాలి. పొక్కు లేచాక అంటించి లాభం లేదు.

నీళ్ళ దగ్గరికొచ్చాక బండల్ని చదవడం నేర్చుకోవాలి. బూడిద రంగులో, గరుకుగా, పొడిగా ఉన్న రాయి మీద నిశ్చింతగా కాలు పెట్టొచ్చు. తడిసి ముదురు రంగులో ఉండి గరుకు కనపడుతుంటే పాదమంతా ఆనించి నడవొచ్చు. పచ్చటి పాచి అందరికీ కనపడుతుంది, అందరూ తప్పుకుంటారు. అసలు మోసం గోధుమరంగులో, నల్లగా, నూనె పూసినట్టు మెరిసే పలచటి పొర. చూడ్డానికి ఉత్త తడి రాయిలాగే ఉంటుంది, ముట్టుకుంటే చేపను పట్టుకున్నట్టు జిగట. దాని మీద ఏ బూటూ నిలవదు. అనుమానముంటే బరువు వెనక కాలి మీదే ఉంచి, ముందు కాలి మడమతో ఆ రాయిని ఒకసారి రుద్ది చూడండి. గరగరమంటే సరే, జర్రుమంటే వెనక్కి. ఇంకో గుర్తు: నీటి తుంపర రోజంతా పడుతూ ఎండ తగలని వైపు ఎప్పుడూ జారుడే. రాయి అంచు మీద కాకుండా రెండు రాళ్ళ మధ్య ఇసుకలోనో కంకరలోనో అడుగు పెట్టడం మంచిది. రాయి నుంచి రాయికి దూకడం పూర్తిగా మానేయండి. జారితే కూర్చుండిపోవాలి గాని చెయ్యి వెనక్కి చాచి ఆపుకోవాలని చూడకూడదు. మణికట్టు విరిగేది అలాగే.

దారిలో వంక దాటాల్సి వస్తే లెక్క ఇది. నీళ్ళు మోకాలి కింద, అడుగు కనపడుతూ ఉంటే దాటొచ్చు. మోకాలు దాటి వడిగా ఉంటే పెద్దవాళ్ళకూ వద్దు. పాపకు మోకాలి లోతంటే మీకు పిక్క లోతే, ఆ సంగతి గుర్తుంచుకోండి. నీటి వడి రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది, అందుకే 'మొన్న ఇంతే లోతులో దాటాం' అన్న మాట పనికిరాదు. దాటేటప్పుడు బ్యాగు నడుం బెల్టు విప్పి, ఒక భుజానికే వేసుకోండి, పడితే వదిలెయ్యొచ్చు. నీళ్ళొచ్చే వైపు ముఖం తిప్పి, కర్ర ముందుకు ఆని, పక్కకు పక్కకు జరుగుతూ పోవాలి. ఒకసారికి ఒకటే కదలాలి, కర్రైనా కాలైనా. బూట్లు విప్పి దాటొద్దు. అడుగున రాళ్ళు పాదానికి తగిలి అదురుకునే లోపల పడిపోతారు. తడిసిన సాక్సు పిండి మళ్ళీ వేసుకోవడం తేలిక.

గుండం గురించి పెద్దగా వాదన అక్కర్లేదు: దూకొద్దు. పైకి నీలంగా, లోతుగా కనిపించే నీటి కింద పైనుంచి రాలిన దిమ్మలే ఉంటాయి. దూకి, రాళ్ళ సందులో ఇరుక్కుని బయటికి రాలేనివాళ్ళున్నారు. ఈతతో సంబంధం లేని విషయమది. నీళ్ళు పైనుంచి పడే చోట గాలి బుడగలు కలిసి తెల్లగా నురగలా ఉంటుంది. ఆ నురగలో మనిషి తేలడు, మామూలు నీళ్ళలో తేలినట్టు తేలతాననుకుని చేతులాడిస్తే కిందికే పోతారు. పైగా పడే నీళ్ళు కిందికి తోసి, అడుగునుంచి బయటికి తిప్పుతాయి. అందుకని దార నేరుగా పడే చోటికి పోకండి. దార కింద నిలబడి తల తడుపుకోవాలన్న సరదా అందరికీ ఉంటుంది గాని, 82 మీటర్ల నుంచి నీళ్ళతో పాటు నిమ్మకాయంత రాయి వచ్చినా చాలు. స్నానం చేయాలంటే దార నుంచి దూరంగా, ఒడ్డు కనపడే చోట, నడుం లోతు మించకుండా, ఫారెస్టువాళ్ళు దిగనిచ్చిన రోజున. చీర, చుడీదార్ దుపట్టా, లుంగీ నీళ్ళలో కాళ్ళకు చుట్టుకుంటాయి. ట్రాక్ ప్యాంటు, టీషర్టు మేలు. పాప దిగితే ఒక పెద్దమనిషి పక్కనే నీళ్ళలో ఉండాలి, ఒడ్డున ఫోను పట్టుకుని కాదు.

నీళ్ళ దగ్గర ఉన్నంతసేపూ ఒకరు ఒడ్డున కూర్చుని మూడు సంగతులు గమనిస్తుండాలి. తేట నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరగడం. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకు రావడం. దార చప్పుడు మారి బరువుగా వినిపించడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా సామాను సర్దుకోవడం కూడా మానేసి ఒడ్డుకు, ఒడ్డు నుంచి పైకి నడవాలి. వచ్చిన దారిలో వంక దాటాల్సి ఉంటే దాటకుండా ఈవలే ఎత్తు మీద ఆగాలి. క్వార్ట్జైట్ కొండల్లో వంక ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగానే తీస్తుంది, చాలాసార్లు రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంది. ఆ రెండు గంటలు ఓపిక పట్టలేకే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

తిండి, నీళ్ళు. మనిషికి రెండు లీటర్లు చేతిలో, ఇంకో లీటరు చొప్పున కార్లో. వంక నీళ్ళు తేటగా ఉన్నా తాగొద్దు, పైన జంతువులూ ఉన్నాయి, స్నానాలు చేసేవాళ్ళూ ఉన్నారు. రెండు లీటర్లలో ఒక లీటరులో ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒకటి కలపండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, నిమ్మకాయ పిండుకోండి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది. దాహమేసినప్పుడు కాదు, పావుగంటకోసారి రెండు గుక్కలు. నడుస్తూ తినడానికి చెనిక్కాయ చిక్కీలు, ఖర్జూరం, అరటిపండు. తొక్కలు కూడా తిరిగి తేవాలి, లేకపోతే కోతులు వాటికి అలవాటు పడతాయి. భోజనం చింతపండన్నం పట్టుకెళ్ళండి, మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, తెస్తే పొద్దున తోడుపెట్టిన పాలన్నంగా తెండి, పన్నెండుకల్లా సరిగ్గా తోడుకుంటుంది. అన్నం జలపాతం దగ్గర తినకండి, నడక దిగి కిందికొచ్చాకే. కడుపు నిండా తిని దిగితే మత్తు, మత్తులో కాలు జారుతుంది. కోతుల సంగతి సరేసరి. కవరు చప్పుడు వింటే చాలు, మీదికొస్తాయి. గలగలమనే ప్లాస్టిక్ కవర్లు మానేసి గుడ్డసంచి, స్టీలు డబ్బా తెస్తే చాలావరకు మీ జోలికి రావు. లాక్కుంటే వదిలేయండి, పెనుగులాడితే కరుస్తుంది, కరిస్తే రేబిస్ సూదులు తప్పవు.

సంచిలో ఇంకేం కావాలంటే: క్రేప్ బ్యాండేజి ఒకటి, టేపు, దూది, యాంటిసెప్టిక్, పారాసిటమాల్, ఎవరైనా రోజూ వేసుకునే మందులు రెండు పూటలవి, దురదకు సెట్రిజిన్ మాత్రలు, విజిల్, టార్చి. పగటి నడకకు టార్చి ఎందుకంటే, ఒకరికి కాలు మడత పడితే గంట నడక మూడు గంటలవుతుంది. ఫోను టార్చిని నమ్ముకోవద్దు, కోనలో సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ అయిపోతుంది. నడక మొదలవ్వగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫలానా చోటికి పోతున్నాం, ఆరింటికి ఘాట్ దాటి ఫోన్ చేస్తాం అని ఇంట్లో ఒకరికి చెప్పి రావాలి.

అడవిలో మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేవి చిన్నవే. చలికాలంలో దారి పక్క పొదల మీద మఖమలు గుడ్డలా గోధుమరంగు నూగుతో వంకర కాయలు వేలాడుతుంటాయి, అది దూలగొండి. ముట్టుకోకపోయినా గాలికి నూగు మీద పడితే చాలు, ఒళ్ళంతా దురద. రుద్దొద్దు, గోకొద్దు, రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. టేపు అంటించి లాగితే నూగు ఊడొస్తుంది, ఆ తర్వాత నీళ్ళతో కడిగి సెట్రిజిన్ వేసుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. గడ్డిలో కూర్చుంటే పిడుదులు ఎక్కుతాయి. ఇంటికెళ్ళాక చంకలు, నడుం పట్టీ కింద, పాప చెవుల వెనక చూడండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి, అగ్గిపుల్లతో కాల్చకూడదు.

జలపాతం పక్క కొండచరియ కింద పెద్ద పెద్ద నల్లటి తెరల్లా వేలాడేవి కొండతేనె పట్లు. వాటి కింద సిగరెట్టు, అగరొత్తి, బాణసంచా, డ్రోను ఏదీ వద్దు. అత్తరు, ఘాటైన సెంటు కొట్టుకుని రావొద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖం గుడ్డతో కప్పుకుని, పరుగెత్తి దూరం పోవాలి. నీళ్ళలో మునగడం తప్పుడు ఉపాయం, తల పైకెత్తే దాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. ముళ్ళు ఎంత తొందరగా గోకి తీసేస్తే అంత మంచిది. ముఖం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108.

పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర దబ్బ, క్రేప్ బ్యాండేజితో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకు దించి 108కి చెప్పాలి. మందు దగ్గర్లో ఎక్కడుందో వాళ్ళకు తెలుస్తుంది, పెద్ద దిక్కు తిరుపతి రుయా ఆసుపత్రి. పామును చంపి పట్టుకెళ్ళక్కర్లేదు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, మూడింటికీ మన దగ్గర ఇచ్చేది ఒకే మందు.

చిరుతలు, ఎలుగులు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపను చంపాక మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలతో నడవడం మీద టీటీడీ ఎంత కట్టడి పెట్టిందో తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు. పగలు, గుంపుగా, మాటలతో నడుస్తుంటే అవే తప్పుకుంటాయి. పాప ఎప్పుడూ గుంపు మధ్యలో ఉండాలి. పొదల్లోకి ఒంటరిగా పంపొద్దు. ఏనుగులు కూడా ఇప్పుడు శేషాచలంలో తిరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోనకు రాత్రి అడవిదారిన నడుస్తున్న భక్తులు ఏనుగుల బారిన పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. తాజా లద్దె, విరిచిన వెదురు కనపడితే వెనక్కి తిరగడమే, ఫోటో కాదు.

భయపెట్టేవే చెప్పినట్టుంది, చూడదగ్గవి కూడా చెబుతాను. ఈ దారిలో తల పైకెత్తితే మనిషి తొడంత లావు తీగలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకి ఉంటాయి, అవి గిల్లతీగలు. వాటి కాయ మూరెడు పొడవు దాటుతుంది, గింజ అరచేతిలో నిండుగా, గోధుమరంగులో నున్నగా ఉంటుంది. ఊయలూగడానికే ఉన్నట్టు కనపడతాయి గాని ఊగొద్దు. పైన ఎండిన కొమ్మ విరిగి నెత్తిన పడుతుంది. పెద్ద చెట్ల గుబుర్లలో ఎర్రగోధుమ, నలుపు రంగుల్లో, పిల్లి కన్నా పొడుగ్గా, తోకతో కలిపి గజం దాకా ఉండేది బెట్టుడుత. పొద్దున పూట పైకి చూసుకుంటూ నడిస్తే కనపడొచ్చు. పాపకు ఆ పని అప్పజెప్పండి, దారంతా విసుక్కోకుండా నడుస్తుంది. తడి రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉంటుంది గాని అది రాత్రి తిరిగేది, పగలు వెతుకుతూ సందుల్లో చేతులు పెట్టొద్దు.

పైకి ఎక్కే మాట. అది కింది దారిలా మెట్ల దారి కాదు. నిటారు, వదులు రాళ్ళు, కొన్నిచోట్ల చేతులతో పట్టుకుని ఎక్కాలి. షరతులు ఇవి: ఆ రోజు అనుమతి ఉండాలి, గైడ్ ఉండాలి, రెండు రోజులుగా వాన ఉండకూడదు, పన్నెండున్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. పైకి చేరాక నీళ్ళు దూకే అంచుకు పది అడుగుల లోపలికి పోకూడదు. అక్కడ నీళ్ళు అరంగుళమే పారుతున్నట్టు కనపడుతుంది, కింద రాయి పూర్తిగా ఆ మెరిసే పొరే, వాలు అంచు వైపే. సెల్ఫీ కోసం వెనక్కి జరగడం అక్కడ చేసే చివరి పని అవుతుంది. దిగేటప్పుడు ఇద్దరు ఒకే వరసలో కింద పైన ఉండకూడదు, పైవాళ్ళ కాలి కింద కదిలిన రాయి కిందివాళ్ళకు తగులుతుంది. రాయి కదిలితే 'రాయి!' అని అరవాలి, మర్యాదకు ఊరుకోవద్దు.

ఆ వారం తలకోన మూసేసి ఉంటే, లేదా మోకాలు మరీ ఇబ్బంది పెడుతుంటే, తిరుపతికి ఇంకో వైపు పుత్తూరు దాటి నారాయణవనం దగ్గర కైలాసకోన ఉంది. చిన్న జలపాతం, నడక తక్కువ, మెట్లున్నాయి, గుడి పక్కనే. ఇవి రెండూ తిరుపతికి చెరో దిక్కు కాబట్టి తలకోన గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే ఆ రోజు గోవిందా. ముందురోజు సాయంత్రమే నెరబైలులోనో, అటవీశాఖ దగ్గరో కనుక్కుని, ఏ దిక్కో తేల్చుకుని పడుకోండి.